బడి నుంచి టెండరు దాకా: పార్లమెంటు చర్చలపై నల్లగొండ, పాలమూరు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంపీ సభలో లేచి మాట్లాడిన రెండు నిమిషాల వీడియో ఫోనులో తిరుగుతుంది. చూసినవారు మెచ్చుకుంటారు, లేదా విసుక్కుంటారు. ఆ తర్వాత మంత్రి ఇచ్చిన జవాబు ఏమిటి, ఆ జవాబు ఎక్కడ దొరుకుతుంది, దానితో మన ఊరి బడికి ఒరిగేదేమిటి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. విద్యావకాశాలు, ప్రభుత్వ కొనుగోళ్లలో న్యాయం అనే రెండు అంశాలపై మన ప్రాంతం నుంచి ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

పిల్లల చదువుకూ టెండర్లకూ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం. బడ్జెట్‌లో విద్యకు రాసిన డబ్బులో జీతాలు పోగా మిగిలింది తరగతి గదిగా, బల్లగా, కోడిగుడ్డుగా, యూనిఫారంగా, పాఠ్యపుస్తకంగా మారాలి. అలా మారే ప్రతిచోటా ఒక కొనుగోలు జరుగుతుంది. అది సక్రమంగా జరగకపోతే కేటాయింపు ఎంత ఘనంగా ఉన్నా పిల్లలకు అందేది నాసిరకమే.

2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అదే అట్టడుగు. నల్లగొండది 64.20 శాతం. తల్లిదండ్రులు ముంబయికో పుణెకో వలస పోతే పిల్లను ఊళ్లో ఉంచి చదివించేది హాస్టలే. ఆ హాస్టల్లో అన్నం బాగుండి, స్నానాల గదికి తలుపు ఉండి, రాత్రి వెలుతురు ఉంటేనే ఆ పిల్ల ఏడాదంతా నిలుస్తుంది. అన్నానికి సరుకులు ఎవరు సరఫరా చేస్తున్నారు, తలుపు ఎవరు బిగించారు అన్నవి కాంట్రాక్టు కాగితాల్లో తేలే విషయాలు. అందుకే చదువు గురించి మాట్లాడే ప్రజాప్రతినిధి టెండర్ల గురించి కూడా మాట్లాడి తీరాలని మేము నమ్ముతాం.

విద్య రాష్ట్రం చూసుకునేది కదా, ఢిల్లీలో అడిగితే ఏం లాభం?

1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. 2002 నాటి 86వ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆ హక్కును అమలు చేసే విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. డబ్బు విషయానికి వస్తే, బడి చదువులకు కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున భరిస్తాయి. బాలికలు ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలు ఈ పద్దు కిందివే. నవోదయలు, కేంద్రీయ విద్యాలయాలు, ఏకలవ్య పాఠశాలలు కేంద్రం పరిధిలోనివి.

అయితే ఒక మెలిక ఉంది. ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన విషయాన్ని లోక్‌సభ ప్రశ్నగా అనుమతించరు. మధ్యాహ్న భోజనమే చూడండి. 8వ తరగతి వరకు పెట్టే భోజనం కేంద్ర పథకం కిందికి వస్తుంది. 9, 10 తరగతులకు పెట్టేది రాష్ట్రం సొంత ఖర్చు. ఒకే వంటగదిలో ఒకే పొయ్యి మీద ఉడికిన అన్నమే అయినా, ఏ పళ్లెం గురించి ఢిల్లీలో అడగాలి, ఏ పళ్లెం గురించి హైదరాబాద్‌లో అడగాలి అన్నది తెలిసిన ఎంపీ ప్రశ్న నిలుస్తుంది. తెలియని ఎంపీ ప్రశ్న లోక్‌సభ సచివాలయంలోనే ఆగిపోతుంది.

అడిగినందువల్ల మన జిల్లాలకు వచ్చినది ఏదైనా ఉందా?

ఉంది. నవోదయల సంగతి చెప్పుకోవాలి. జిల్లాకొక నవోదయ అన్నది 1986లో మొదలైన ఆ పథకం మాట. ఉమ్మడి నల్లగొండకు చలకుర్తిలో, ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు వట్టెంలో ఉండేవి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. వట్టెం నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లడంతో మహబూబ్‌నగర్‌కు నవోదయ లేకుండా పోయింది. సూర్యాపేట జిల్లా ఏర్పడింది, దానికీ లేదు. కొత్త జిల్లాలకు నవోదయలు ఇవ్వాలని తెలంగాణ సభ్యులు ఏళ్ల తరబడి సభలో అడుగుతూ వచ్చారు. చివరికి 2024 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలో 28 కొత్త నవోదయలకు ఆమోదం తెలిపింది. వాటిలో తెలంగాణకు 7 వచ్చాయి. మహబూబ్‌నగర్, సూర్యాపేట ఆ ఏడింటిలో ఉన్నాయి.

సభలో అడగడం ఒక్కటే కారణమని అనలేం. కానీ అడగకుండా ఊరుకుని ఉంటే ఆ జాబితా వేరేగా ఉండేదని అనుకోవడానికి కారణం ఉంది. 2014 పునర్విభజన చట్టంలో రాసి ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికే 2023 డిసెంబర్ దాకా చట్టం కాలేదు. చట్టంలో ఉన్నదానికే తొమ్మిదేళ్లు పడితే, చట్టంలో లేనిదాన్ని ఎంత గట్టిగా అడగాలో ఊహించవచ్చు. మంజూరుతో పని అయిపోదు కూడా. స్థలం, తాత్కాలిక భవనం, శాశ్వత భవనం టెండరు, పని పూర్తయ్యే గడువు, వీటి మీద ప్రశ్నలు ఇంకా అడుగుతూనే ఉండాలి.

నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్న, లేని ప్రశ్న అంటారు. ఏది మేలు?

నక్షత్రపు గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆ పైన అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20 మాత్రమే జాబితాకు ఎక్కుతాయి, అదీ లాటరీ పద్ధతిలో. ప్రశ్నోత్తరాల గంటలో వాటిలో కొన్నింటికే వంతు వస్తుంది. గుర్తు లేనివి రోజుకు 230 దాకా ఉంటాయి, జవాబు కాగితం మీద వస్తుంది. టీవీలో కనబడేది మొదటిది. మన చేతికి అంకెలు ఇచ్చేది ఎక్కువగా రెండోదే.

మంచి ప్రశ్న ఎలా ఉంటుంది?

"మహబూబ్‌నగర్‌లో బాలికల విద్యకు ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏమిటి?" అని అడిగితే పథకాల పేర్లు వరుసగా రాసిన రెండు పేజీల జవాబు వస్తుంది. అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. అదే ప్రశ్నను ఇలా అడిగితే చూడండి:

(అ) నాగర్‌కర్నూల్ జిల్లా కస్తూర్బా విద్యాలయాల్లో గడచిన మూడేళ్లలో ఏటా మంజూరైన సీట్లు ఎన్ని, నిండినవి ఎన్ని. (ఆ) అదనపు గదులకు, మరుగుదొడ్లకు మంజూరైనది ఎంత, విడుదలైనది ఎంత, ఖర్చయినది ఎంత. (ఇ) ఈ పనులను బహిరంగ టెండరు ద్వారా ఇచ్చారా, నామినేషన్ మీద (పోటీ లేకుండా నేరుగా) ఇచ్చారా, ఒకే ఒక్క బిడ్ (ధర ప్రతిపాదన) వచ్చినవి ఎన్ని. (ఈ) గడువు దాటిన పనులు ఎన్ని, అందుకు కారణాలు ఏమిటి?

ప్రశ్న 150 పదాలు దాటకూడదన్న నిబంధనకు ఇది లోబడే ఉంది. జిల్లా పేరు ఉంది, కాలం ఉంది, మంజూరు–విడుదల–ఖర్చు అని మూడు అంకెలూ విడివిడిగా అడిగింది. మంజూరైన అంకె ఒక్కటే చెప్పి తప్పించుకోవడానికి వీలు లేదు. ఒకే బిడ్ సంగతి అడగడం మరీ ముఖ్యం. పోటీ నిజంగా జరిగిందా, పేరుకే జరిగిందా అన్నది ఆ ఒక్క అంకెతో చాలావరకు తెలిసిపోతుంది. ప్రశ్న నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి కనుక, సమావేశాలు మొదలయ్యాక ఎంపీ ఇంటికి పరుగెత్తితే ఆ విడతలో పని కాకపోవచ్చు.

మంత్రి "పరిశీలిస్తున్నాం" అని వదిలేస్తే?

వదిలేసినట్టు కాదు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" వంటి మాటలను పార్లమెంటు హామీలుగా లెక్కిస్తుంది. వాటిని వెంటాడేందుకు ప్రభుత్వ హామీల కమిటీ అని ఉభయ సభల్లోనూ విడివిడిగా ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పొడిగింపు కోరాలి. ఎంపీ చేయవలసిన అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఈ కమిటీకి గుర్తుచేస్తూ ఉండే సభ్యులు తక్కువ, గుర్తుచేయమని ఎంపీని అడిగే ఓటర్లు ఇంకా తక్కువ.

టెండరు పిలిచారంటే న్యాయంగా జరిగినట్టే కదా?

కాదు. టెండరు పిలిచే ముందే, నిబంధనలు రాసే దగ్గరే చాలా పోటీలు ముగిసిపోతాయి. బడి బల్లల ఉదాహరణ తీసుకుందాం. ఒక జిల్లాలో కొన్ని వందల బడులకు బల్లలు కావాలి. మండలానికో, డివిజన్‌కో విడిగా పిలిస్తే మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో వెల్డింగ్, వడ్రంగం చేయించే చిన్న యూనిట్లు కూడా పాల్గొనగలవు. అవే బల్లలన్నింటినీ రాష్ట్రమంతటికీ ఒకే మూటగా కట్టి, "గడచిన మూడేళ్లలో ఇన్ని కోట్ల టర్నోవర్ ఉండాలి, ఇలాంటి సరఫరా ఇంత మేర చేసిన అనుభవం ఉండాలి" అని రాస్తే ఆ యూనిట్లన్నీ గుమ్మం బయటే ఉండిపోతాయి. ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఆ మిగిలినవారు ఒక మాట మీదికి వస్తే దాన్నే కాంట్రాక్టర్ల భాషలో రింగు కావడం అంటారు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం దీన్ని నిషేధించింది. రుజువు చేయడమే కష్టం.

ఇంకో దారి కూడా ఉంది. ఒకే కంపెనీ తయారీకి సరిపోయేలా బల్ల కొలతలు, లోహం మందం, పూత రకం రాయడం. చదివితే అంతా సాంకేతికంగానే కనిపిస్తుంది, ఇంజనీరు సంతకమూ ఉంటుంది. మూడోది, పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి పై అధికారి అనుమతి, బహిరంగ టెండరు రెండింటినీ తప్పించుకోవడం. కేంద్ర కార్యాలయాలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమావళి దీన్ని స్పష్టంగా కాదంటోంది. బిడ్లకు సాధారణంగా కనీసం మూడు వారాల సమయం ఇవ్వాలని కూడా ఆ నియమావళిలోనే ఉంది. ఐదారు రోజుల గడువుతో నోటీసు కనిపిస్తే ఎందుకంత తొందర అని అడిగే హక్కు మనకు ఉంది.

పెద్ద మూట వల్ల ధర తగ్గుతుంది, నాణ్యత ఒకేలా ఉంటుంది అన్న వాదన ఉంది. పూర్తిగా తీసిపారేయలేం. పాఠ్యపుస్తకాల కాగితం వంటివాటికి అదే మంచి పద్ధతి కావచ్చు. కానీ బల్ల విరిగితే బాగుచేసేవాడు దగ్గర్లో ఉండాలి, ఆ పనితో ఇక్కడి కుటుంబాలు బతకాలి. తెలంగాణలో యూనిఫారాలు కుట్టే పనిని మహిళా సంఘాలకు ఇచ్చారు, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు బడి మరమ్మతులు అప్పగించారు. స్థానికంగా చేయించవచ్చని ఒప్పుకున్నట్టే కదా. బిల్లులు వేళకు చెల్లిస్తేనే ఆ సంఘాలు నిలబడతాయి. చిన్నవారికి పని ఇచ్చి డబ్బు నెలల తరబడి ఆపడం కూడా అన్యాయమే, దాన్ని కూడా సభల్లో అడగాలి.

అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవారికే ఇస్తే గొడవే ఉండదు కదా?

ఒక కొలతకు కట్టుబడి ఉండే వస్తువుకైతే సరే. అంచనా కంటే మరీ తక్కువకు పని పట్టుకుని, తర్వాత సిమెంటు తగ్గించి గోడ లేపేవారిని మనం చూడనిది కాదు. తక్కువ ధరతో పాటు, అంత తక్కువకు ఎలా చేయగలరో వివరణ తీసుకోవడం, పని మధ్యలో నాణ్యత పరీక్షించడం ఉండాలి.

ప్రభుత్వ కొనుగోళ్లకంటూ దేశంలో ఒక చట్టం లేదా?

కేంద్ర స్థాయిలో సమగ్రమైన చట్టం లేదు. నియమావళి, మార్గదర్శకాలు, విజిలెన్స్ కమిషన్ ఉత్తర్వులతోనే నెట్టుకొస్తున్నారు. 2012 మేలో పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 50 లక్షల రూపాయలు దాటిన కొనుగోళ్లకు వర్తించేలా రాశారు. 2014లో 15వ లోక్‌సభ రద్దు కావడంతో బిల్లు కూడా చెల్లిపోయింది. తమిళనాడు 1998లోనే, కర్ణాటక 1999లోనే తమ చట్టాలు చేసుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఆన్‌లైన్ టెండర్లు మొదలుపెట్టి దేశంలో ముందు నిలిచింది. మంచి అడుగే. అయితే కంప్యూటర్‌లో తెరిచిన బిడ్డు కూడా, నిబంధనలు ఒకరి కోసమే రాస్తే, అన్యాయమైన బిడ్డే. చిన్న పరిశ్రమల నుంచి 25 శాతం కొనాలని, అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం ఉండాలని కేంద్ర శాఖలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు నియమం ఉంది. అది జిల్లాల వారీగా ఎంత అమలవుతోందని మన ఎంపీలు అడగాలి.

సభ్యుడు సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టవచ్చు. ఇప్పటివరకు అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. అయినా పెట్టడం వృథా కాదు. ప్రభుత్వం తన వైఖరి ఏమిటో సభలో చెప్పక తప్పదు.

ఫలానా కాంట్రాక్టరు పేరు పెట్టి ఎంపీ ఆరోపణ చేయవచ్చా?

సభలో అన్న మాటకు కోర్టులో కేసు వేయడానికి వీల్లేకుండా 105వ అధికరణం రక్షణ ఇస్తుంది. అందుకే హద్దు కూడా ఉంది. ఎవరి మీదనైనా పరువుకు భంగం కలిగించే ఆరోపణ చేయాలంటే స్పీకర్‌కు, సంబంధిత మంత్రికి ముందుగా తెలియజేయాలి. లేదంటే ఆ మాట రికార్డుల నుంచి తొలగిపోవచ్చు. పేరు కంటే కాగితం బలమైనది. టెండరు నోటీసు తేదీ, బిడ్ల సంఖ్య, అంచనా విలువ, ఒప్పంద విలువ చదివితే చాలు, వినేవారికి విషయం అర్థమవుతుంది.

మన ప్రాంతం నుంచి ఇలా మాట్లాడినవారు ఉన్నారా?

మన ప్రాంతానికి ఈ విషయంలో గట్టి వారసత్వమే ఉంది. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. సూర్యాపేటలో విద్యార్థుల హాస్టల్ నడిపిన ధర్మభిక్షం తర్వాతి కాలంలో నల్లగొండ ఎంపీ అయ్యారు. విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన సురవరం సుధాకర్‌రెడ్డి 1998లో, 2004లో అదే స్థానం నుంచి గెలిచారు. 1996లో ఫ్లోరైడ్ గోడు దేశానికి వినిపించడానికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది.

కొనుగోళ్ల విషయంలో ముందు గుర్తుకు రావలసింది ఎస్. జైపాల్‌రెడ్డి. కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లి, 1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ సభలోనే, స్వీడన్ కంపెనీ బోఫోర్స్ నుంచి సైన్యానికి ఫిరంగులు కొనడంపై వివాదం రేగింది. 1986 మార్చిలో 400 ఫిరంగుల కోసం సుమారు 1,437 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. ప్రతిపక్షం నుంచి ప్రభుత్వాన్ని నిలదీసిన ప్రధాన గొంతుల్లో ఆయనది ఒకటి. సంయుక్త పార్లమెంటరీ కమిటీ 1988లో తప్పేమీ లేదన్నట్టు నివేదిక ఇచ్చింది. 1989లో కాగ్ (ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక మాత్రం ఎంపిక ప్రక్రియలోని లోపాలను ఎత్తిచూపింది. 1998లో జైపాల్‌రెడ్డికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం దక్కింది. కరువు జిల్లా నుంచి వెళ్లిన సభ్యుడు దేశంలోని అతి పెద్ద కొనుగోళ్లలో ఒకదానిపై అంత అధికారంగా మాట్లాడగలిగాడంటే, అది ఆయన చదువు, ఆయన కాగితాల మీద చేసిన శ్రమ. ఈనాటి సభ్యుల నుంచి కూడా అదే ఆశిస్తున్నాం.

చదువు విషయంలో సర్వేల్‌ను మరవకూడదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో గురుకుల పాఠశాల మొదలైంది. ఈనాటి గురుకులాలన్నింటికీ అదే మూలం.

కాగ్ నివేదికలు మనకు ఎలా ఉపయోగపడతాయి?

కేంద్ర ఖర్చుపై నివేదిక పార్లమెంటుకు, రాష్ట్ర ఖర్చుపై నివేదిక శాసనసభకు వెళుతుంది. వాటిని ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. పార్లమెంటు కమిటీలో 22 మంది ఉంటారు, 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం ఆనవాయితీ. నివేదికల్లో జిల్లాల పేర్లు, కొన్నిచోట్ల బడుల పేర్లు కూడా ఉంటాయి. తనిఖీకి ఎంపికైన జిల్లాల జాబితాలో మనది ఉందేమో ముందు వెతకండి.

ఎంపీ నిధులతో మా బడికి గది కట్టించవచ్చా?

కట్టించవచ్చు. ఏడాదికి 5 కోట్ల రూపాయలు ఉంటాయి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు. మంజూరు, టెండరు, పర్యవేక్షణ జిల్లా యంత్రాంగానివి. ఏటా 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు సిఫారసు చేయాలి. దేవరకొండ తండాలకు, నల్లమల చెంచు పెంటలకు ఈ వాటా ఎంత చేరిందన్నది అడగదగిన ప్రశ్న.

సభలో తెలుగులో మాట్లాడవచ్చా?

నిక్షేపంగా. అనువాద సదుపాయం ఉంది, ముందుగా తెలియజేస్తే చాలు.

రాష్ట్ర ప్రభుత్వ కొనుగోళ్ల గురించి ఎవరిని అడగాలి?

మొదట ఎమ్మెల్యేను. శాసన మండలిలో వరంగల్–ఖమ్మం–నల్లగొండ, మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ ఉపాధ్యాయ నియోజకవర్గాల సభ్యులు ఉన్నారు. బడుల విషయం వారికి బాగా తెలుసు, వారిని కూడా అడగండి. మీరే నేరుగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. టెండరు ఖరారయ్యాక ఒప్పందపు ప్రతి, కొలతల పుస్తకం నకలు, చెల్లించిన బిల్లుల వివరాలు అడగండి.

ప్రశ్నల సంఖ్య, హాజరు చూసి ఎంపీని అంచనా వేయవచ్చా?

హాజరు తక్కువైతే అడగాల్సిందే. కానీ వందల ప్రశ్నలు వేసిన సభ్యుడు మన జిల్లా పేరు ఒక్కసారీ ఎత్తకపోవచ్చు. సంఖ్య కంటే, ఒకే విషయాన్ని రెండు మూడు సమావేశాల్లో వెంటాడారా అన్నది చూడండి. చర్చల పాఠం, జవాబులు సంసద్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మా ఊరి విషయం సభకు చేరాలంటే లేఖ ఎలా రాయాలి?

ఒక పేజీ చాలు. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీల్లో మీ నియోజకవర్గం ఎవరిదో చూసుకుని రాయండి. బడి పేరు, మండలం, పథకం పేరు, మంజూరైన సంవత్సరం, ఆగిపోయిన పని ఏ దశలో ఉంది, ఇప్పటికే ఎవరికి ఎప్పుడు ఫిర్యాదు చేశారు అన్నవి వరుసగా రాయండి. ఫోటో వెనుక తేదీ వేయండి. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ఉంటే నకలు జతచేయండి. చివర్లో మీరు కోరే ప్రశ్నను పైన చూపిన పద్ధతిలో మీరే రాసి ఇవ్వండి, ఎంపీ కార్యాలయానికి పని సులువవుతుంది. సమావేశాలకు నెల ముందే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.